సియావ్ మాస్టారి గది అబద్ధమాడదు

మా హువేయ్ ఊళ్లో సియావ్ కెంగ్‌హుయ్‌ని మాస్టారూ అని పిలవకపోతే ఆయన పలకడు. ఎవరికి ఏం నేర్పి మాస్టారయ్యాడో నాకు తెలియదు, ఆయన పెళ్లాం సూబీకీ తెలియదు. పందొమ్మిదేళ్లు రైతుల సంఘం గోదాములో వెల్లుల్లి బస్తాలు తూకం వేయించి, నడుం నొప్పని చెప్పి ముందే పింఛను పుచ్చుకుని, ఇంటి మీద నాలుగో అంతస్తుగా ఒక రేకుల గది వేయించాడు. గోడలకి నల్ల స్పాంజి అంటించాడు. తలుపు మీద ‘సియావ్ ధ్వని పరిశోధనాలయం’ అని బోర్డు కొట్టించాడు. పైన పరిశోధన సాగుతుంటే, కింద వీధి వాకిట్లో సూబీ పొద్దున్నే పెనం పెట్టి గుడ్డు రొట్టెలూ ముల్లంగి బిళ్లలూ కాల్చి అమ్మేది. ఇల్లు గడిచేది ఆ పెనం మీదే.

పరిశోధన అంటే ఏమిటో చెప్తాను. ఆయనకి రెండు స్పీకర్లున్నాయి, వాటి ముందు ఒక కుర్చీ ఉంది. ఏ గదిలోనైనా శబ్దం గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంది కదా. కింది స్వరాలు మూలల్లో చేరి బొంగురుపోతాయి, పైస్వరాలని స్పాంజి తాగేస్తుంది. అందుకని ఆయన ఒక కర్రకి చిన్న మైకు కట్టి, కుర్చీలో మనిషి తల ఉండే చోట నిలబెట్టి, స్పీకర్లలోంచి అడుగు స్వరం నుంచి పైస్వరం దాకా ‘ఊ’ అని ఒక కూత పెట్టిస్తాడు. కంప్యూటర్ దానికి ఒక గీత గీస్తుంది. గీత ఎక్కడ ఉబ్బితే అక్కడ, ఒక్కో స్వరానికి ఒక్కో మీట ఉండే ఈక్వలైజర్లో, తగ్గించాలి, ఎక్కడ గుంట పడితే అక్కడ పెంచాలి. గీత సాపుగా వస్తే, ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది. ఇందులో తప్పేం లేదు, పనికొచ్చే విద్యే. పనికొచ్చే విద్య పనికిమాలినవాడి చేతిలో పడటమే మా ఖర్మ.

నాలుగేళ్లుగా ఆయన ఆ గీతని సాపు చేస్తూనే ఉన్నాడు. ఒక్క పాట రికార్డు చేసిన పాపాన పోలేదు. కూత మొదలవగానే వీధికుక్కలు మోరలెత్తి అందుకునేవి. రొట్టెల కోసం నిలబడ్డవాళ్లు పైకి చూసి, "ఏం సూబీ, మీ ఆయనకి ఒంట్లో ఎలా ఉంది ఇవాళ?" అని అడిగేవాళ్లు. "ఇంకా సాపు కాలేదట," అనేది సూబీ రొట్టె తిరగేస్తూ. ఆయన సరదాగా ఒక పాట వింటుండగా ఎవరూ చూడలేదు. పాటలు వినడం పామరుల పనని ఆయన ఉద్దేశం.

నా పేరు చాయ్‌హున్. తో థియమ్‌లాయ్ గురువుగారి బొమ్మలాట మేళానికి ఇరవై ఆరేళ్లుగా లారీ తోలుతున్నాను. లారీ పక్క తలుపు దించితే అదే వేదిక, పైన బిగించిన బాకా స్పీకర్లే మా గొంతు. దేవుడి పుట్టినరోజుకి ఏ ఊరి గుడి వాళ్లు పిలిస్తే ఆ గుడి ముందు ఆపి ఆడతాం. బొమ్మలాడించడానికి మేళంలో ఇద్దరున్నారు. మాట మాత్రం గురువుగారిదే. తెర వెనక కూర్చుని ఒక్క నోటితో ఐదు గొంతులు పలికించేవారు. పడుచు వీరుడు, ఆడది, ముసలివాడు, హాస్యగాడు, మొహాన నల్లరంగు పూసుకున్న సేనాపతి. సేనాపతి మాట్లాడితే నా స్టీరింగు అదిరేది. మిగతా మేళాలన్నీ ఏనాడో రికార్డు పెట్టేసి బొమ్మలు ఊపుతున్నాయి. వాళ్లని చూసి గురువుగారు, "దేవుడికి డబ్బా పాలు పడతార్రా?" అని తిట్టేవారు.

పోయినేడాది చలికాలంలో, చక్కెర మిల్లు ఆడటం మొదలై ఊరంతా పాకం వాసన వేస్తున్న రోజుల్లో, ఆయన గొంతులో పుండు బయటపడింది. గొంతుపెట్టె మొత్తం తీసేస్తేగాని బతకరని డాక్టర్లు చెప్పేశారు. పన్నెండు రోజుల గడువిచ్చారు. ఆ పన్నెండు రోజుల్లో ఒక్క ఆటైనా, ఐదు గొంతులతో, మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేసి పెట్టుకుంటే ఆయన గొంతు లోకంలో మిగులుతుంది. లేదంటే పోయినట్టే.

"టైచుంగ్‌లో పెద్ద స్టూడియోలున్నాయి, తీసుకెళ్తాను," అన్నాను.

"రోజూ అంత దూరం నా వల్ల కాదు. నాలుగు వీధుల అవతల సూబీ మొగుడున్నాడుగా. మైకుంది, గదుంది. ఇంకేం కావాలే?" అన్నారు గురువుగారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం నాలుగు అంతస్తులెక్కాం. గురువుగారు చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు పెట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగి ఎక్కారు. తలుపు తియ్యగానే సియావ్ అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పులు బయట వదలండి. గట్టిగా ఊపిరి పీల్చకండి, కూత పెడుతున్నాను."

"ఊపిరి పీల్చక చావమంటావేంట్రా?"

"గది ఇంకా సిద్ధం కాలేదు గురువుగారూ. అడుగు స్వరాల్లో ఉబ్బుంది."

"ఎవరికి ఉబ్బు?"

"గదికండీ."

"గదికి ఉబ్బైతే గదికి మందెయ్యి. ఈలోగా నా గొంతు పట్టు."

"అలా కుదరదండీ," అన్నాడు సియావ్, పురోహితుడు ముహూర్తం చెప్పినంత గంభీరంగా. "అబద్ధమాడే గదిలో నిజం ఎలా రికార్డవుతుంది?"

మేమిద్దరం తలలూపాం. అదీ మా తెలివి. మైకు నోటి ముందు ఉంటుంది, నోట్లోంచి వచ్చింది పట్టుకుంటుంది. ఆ స్పీకర్లు సరిగ్గా పలికినా, వంకరగా పలికినా మైకుకేం? స్పీకర్ల సర్దుబాటు తర్వాత కావాలి, రికార్డు చేసింది విని దిద్దుకునేటప్పుడు. ఈ ముక్క చాన్నాళ్లకి ఒక రేడియో ఉద్యోగి చెబితే తెలిసింది. మొదటిరోజే తెలిసుంటే ఆ కర్ర పీకి ఆయన వీపు మీద విరగ్గొట్టేదాన్ని. పొయ్యి వెలిగించకుండా కంచం తోముతూ కూర్చున్నాడు మహానుభావుడు, ఆకలితో వచ్చినవాళ్లం చూస్తూ కూర్చున్నాం.

ఎనిమిది రోజులు తోమాడు. ఒకరోజు కుర్చీ జానెడు వెనక్కి జరిపాడు. ఇంకోరోజు జానెడు ముందుకి జరిపాడు. సూబీ చలికాలపు బొంత తెచ్చి మూలన వేలాడదీశాడు. కింద ఫ్రిజ్ మూలుగుతోందని దాని ప్లగ్గు పీకేశాడు. మధ్యాహ్నానికి సూబీ గిన్నె పట్టుకుని పైకొచ్చింది.

"ఇదిగో, సోయాపాలు విరిగిపోయాయి."

"అది కాదే, ఇటు చూడు, గీత ఎంత సాపుగా వచ్చిందో!"

"రేపు పొద్దున జనానికి గ్లాసుల్లో గీత పొయ్యనా?"

ఆయన వినిపించుకోలేదు. గురువుగారు నవ్వారు, నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. రోజూ ఆయన స్పాంజి గోడకి ఆనుకుని కూర్చుని, తన వంతు కోసం, బార్బరు షాపులో కూర్చున్నట్టు ఎదురుచూసేవారు. రోజురోజుకీ గొంతు నలిగిపోతోంది. ఆరోరోజు మాటలు వల్లె వేసుకుంటుంటే ఆడగొంతు ఒకసారి చీలింది. నేను సియావ్‌ని పక్కకి పిలిచి చెప్పాను.

"మాస్టారూ, ఆయనకి ఐదు రోజులే టైముంది."

"నాకు గీతలో రెండు పాయింట్లే మిగిలున్నాయక్కా," అన్నాడు.

మనిషి గొంతు పోతుంటే పాయింట్లు లెక్కపెట్టే వెధవని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

తొమ్మిదోరోజు గురువుగారు ఎవరినీ అడగలేదు. నేరుగా వెళ్లి పెద్ద మైకు ముందు కూర్చున్నారు. సియావ్ కర్ర పట్టుకుని, "ఒక్క చివరి కూత..." అని నసిగాడు. గురువుగారు సేనాపతి గొంతెత్తారు. "నొక్కరా మీట!"

సియావ్ వేలు దానంతటదే మీట మీద పడింది. రేకులు అదిరాయి, కింద రొట్టెలు కొనేవాళ్లు మాటలాపేశారు. మూడు రోజులు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, ఆట మొత్తం చెప్పారు. నేను తలుపు బయట మెట్టు మీద కూర్చుని విన్నాను. వీరుడు, వాడి ప్రియురాలు, ఆమె ముసలి తండ్రి, మధ్యలో హాస్యగాడు, అందరి మీదా సేనాపతి, ఎవరి ఊపిరి వాళ్లదే. మూడోరోజు చివరి మాటకి ఫ్లాస్కు మూతలో ఉమ్మిన నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన మూత కడుక్కుని, బాగానే వచ్చింది అన్నట్టు బొటనవేలు చూపించారు. సియావ్‌ని ఎంత తిట్టినా ఒక మాట ఒప్పుకోవాలి, ఆ మూడు రోజులూ మీట సమయానికి నొక్కాడు. మర్నాడు గురువుగారు ఆసుపత్రిలో చేరారు.

ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడే సియావ్ ఆ రికార్డింగుకి జేగంటలూ డోళ్లూ కలిపి, ఎర్ర గుడ్డలో పెన్‌డ్రైవ్ చుట్టి తెచ్చిచ్చాడు. "ఇందులో ఉన్నది నిజం. జాగ్రత్తగా వాడుకోండి," అన్నాడు.

చాంద్రమానం మూడో నెలలో మాచో అమ్మవారి పుట్టినరోజు. మాకు మొదటి పిలుపు పక్కూరి గుడి నుంచి. గురువుగారి మెడ కింద చిల్లు, దాని మీద తెల్లటి గుడ్డ, మెడలో తాడుకి చిన్న పలక. మాట పోయాక తన గొంతు వినడం ఆయనకి అదే మొదటిసారి, మేం ఎర్ర గుడ్డ విప్పడమూ అప్పుడే. కొత్త చొక్కా వేసుకొచ్చారు. దేవతలకి దణ్ణాలయ్యాక నేను మీట నొక్కాను.

రేకు డబ్బాలో ఈగ పడ్డట్టుంది. వీరుడు ముక్కుతో మాట్లాడుతున్నాడు. ఆడగొంతు చెవిలో సూది గుచ్చుతోంది. సేనాపతి వచ్చాడు, అసలు ఛాతీయే లేదు వాడికి, జలుబు చేసిన కోడిపుంజులా కూశాడు. పిల్లలు పకపకా నవ్వారు.

వక్క నములుతున్న ముసలాయన ఒకడు కుర్చీ నా వైపు తిప్పాడు. "ఏంటమ్మాయ్, మీ గురువుగారు ముక్కు మూసుకుని చెప్పారా?"

నేను యాంప్లిఫయర్ దగ్గరికి పరిగెత్తి అడుగు స్వరాల మీట చివరిదాకా తిప్పాను. లేనిది ఎక్కణ్ణించి పెరుగుతుంది, గుంయ్ మని హోరొచ్చింది. అప్పుడు గురువుగారు వెనక నుంచి వచ్చి మీట మీంచి నా చెయ్యి తీసేశారు. పలక మీద రాసి చూపించారు. "వదిలెయ్. నా గొంతు అప్పటికే పోయినట్టుంది. నాకే తెలియలేదు."

నాకు ఏడుపొచ్చింది. గొంతు తీసేశారని ఆయన ఏనాడూ బాధపడలేదు, రికార్డులో ఉందిగా అన్న ధైర్యంతో. ఇప్పుడా ధైర్యం పోయింది. ఆట అయ్యాక నేనే మైకు తీసుకుని, జబ్బుతో ఆయన గొంతు చెడిపోయింది, మన్నించండి అని జనానికి దణ్ణం పెట్టాను. ఆ రోజు నుంచి ఆయన తెర వెనక కూర్చోవడం మానేసి, లారీ చక్రం పక్కన నిలబడేవారు.

మర్నాడు పొద్దున నేను సియావ్ మీదికి యుద్ధానికెళ్లాను. ఆయన నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి అదే ఫైలు పెట్టాడు. సేనాపతి గర్జించాడు. నా పక్కటెముకలు కదిలాయి. ఐదు గొంతులూ నిండుగా, గురువుగారు ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టున్నాయి.

"విన్నారుగా అక్కా? నా దగ్గర అంతా సవ్యంగా ఉంది. లోపం మీ బాకాల్లో ఉంది."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అనిపించినా, చెవులారా విన్నదాన్ని ఎలా కాదంటాను? వేరే మేళం వాళ్ల లారీ అడుక్కుని అందులో పెట్టి చూశాను. అదే ఈగ. గుడి వాళ్లు కొత్తగా కొన్న పెద్ద స్పీకర్లలో పెట్టి చూశాను. అదే ఈగ. ఫోన్లో, టీ కొట్లో, మా మేనల్లుడి కారులో, ఎక్కడ పెట్టినా అదే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. మళ్లీ వెళ్లి ఇదంతా చెబితే సియావ్ జాలిగా నవ్వాడు.

"అన్నీ అబద్ధాలాడే స్పీకర్లే. అసలు ఈ దేశంలో నిజం పలికే స్పీకర్లు ఎన్నున్నాయనుకుంటున్నారు?"

"ఎన్నున్నాయి?"

"రెండు," అని తన బల్ల మీదవి చూపించాడు.

పదకొండు గుళ్లకి ఒప్పుకున్నాం. దేవుడికి మాటిచ్చాక వెనక్కి తీసుకోకూడదు. ఆ రికార్డుతోనే ఆడాలి. నేనేం చేశానంటే, మిగతా ప్రతి ఊళ్లోనూ ఆట మొదలయ్యే ముందే మైకు తీసుకుని, "పెద్దలు మన్నించాలి. రికార్డు చేసేనాటికే మా గురువుగారి గొంతు జబ్బుతో చెడిపోయింది. అమ్మవారు దయతో స్వీకరించాలి," అని చెప్పేదాన్ని. జనం అయ్యో పాపం అనేవాళ్లు. కొందరు ఆయన చేతిలో కమలాపళ్లు పెట్టేవాళ్లు, ఒకావిడ వేడివేడి సేమ్యా గిన్నె తెచ్చిచ్చింది. ఆయన తల వంచి తీసుకునేవారు. ఆయన పరువు కాపాడుతున్నానని నా మనసులో గర్వంగా కూడా ఉండేది.

పదకొండో గుడి అయ్యాక ఎండాకాలం మధ్యలో లారీ కడుగుతుంటే సీటు కింద ఒక క్యాసెట్టు దొరికింది. ముప్ఫై ఏళ్ల కిందట గురువుగారు రేడియోలో చెప్పిన ఆట. లారీలో పాత ప్లేయర్ ఇంకా ఉంది, పెట్టి చూశాను. అవే బాకాలు, అదే యాంప్లిఫయర్. సేనాపతి వీధి చివరికి వినిపించాడు. ఎదురింటి ముసలమ్మ బయటికొచ్చి, ఇవాళ ఎక్కడ ఆట అని అడిగింది. ఇంత బాగా పలికే బాకాలు అబద్ధాలకోరులెలా అయ్యాయి? తడిచేతులతోనే క్యాసెట్టూ, చేతి ప్లేయరూ పట్టుకుని పరిశోధనాలయానికి ఎక్కాను.

"మాస్టారూ, దీని వైరు మీ స్పీకర్లకి తగిలించండి."

"క్యాసెట్టా?" అని ముక్కు చిట్లించాడు. అయినా తగిలించాడు. మీట నొక్కితే, నూతిలో పడ్డవాడు కేకలేస్తున్నట్టు వచ్చింది. ఒకటే బొంగురు, ఒక్క మాట తెలియడం లేదు.

"చెత్త రికార్డింగు," అన్నాడు సియావ్ తృప్తిగా.

"ఒక్క మాట అడుగుతాను చెప్పండి. ఊళ్లో అన్నిచోట్లా బాగున్నది మీ కుర్చీలో చెడింది. మీ కుర్చీలో బాగున్నది ఊళ్లో అన్నిచోట్లా చెడింది. తలకిందులైంది ఊరా, కుర్చీనా?"

ఆయన నోరు తెరిచాడు. ఏదో అనబోయి కంప్యూటర్ వైపు చూశాడు. మొహం సూబీ అమ్మే ముల్లంగి బిళ్లలా తెల్లబోయింది. అడిగితే చెప్పలేదు, గదమాయిస్తే చెప్పాడు. ఆ గది కోసం చేసిన సర్దుబాటు, నాలుగేళ్ల తపస్సు, కంప్యూటర్లో శబ్దమంతా బయటికెళ్లే చివరి వాకిట్లో పెట్టుకున్నాడు. అది పనిచేస్తోందనడానికి తెర మీద ఒక పచ్చ దీపం. చెవికి వినేటప్పుడు అది ఉండాలి, ఫైలు చేసేటప్పుడు ఆర్పాలి. ఆర్పడం మర్చిపోయాడు. ఆ సర్దుబాటు కాస్తా ఫైల్లోకి దిగిపోయింది. గది చేసే బొంగురంతా గురువుగారి ఛాతీలోంచి కోసేశాడు, స్పాంజి తాగే కీచంతా గురువుగారి ముక్కుకి అతికించాడు. జబ్బు గదిది, మందు పోసింది గురువుగారి నోట్లో. ఆ గదిలో ఆ సర్దుబాటు లేకుండా మామూలుగా పెట్టి వింటే జబ్బూ మందూ చెల్లుకుని చక్కగా వినిపిస్తుంది. ఆ ఒక్క గదిలో, ఆ ఒక్క కుర్చీలో.

ఈ తప్పు మామూలు మనిషి చెయ్యలేడు. గదిలో నాలుగు గోడలున్నాయని మర్చిపోయి బతికే మాలాంటివాళ్లకి ఇంత తప్పు చేసే చదువు లేదు.

ఆయన పచ్చ దీపం ఆర్పాడు. కొత్త ఫైలు చెయ్యడానికి ఆరు నిమిషాలు పట్టింది. తప్పైందంటాడేమోనని నిలబడ్డాను.

"మీ బాకాల కోసం ప్రత్యేకంగా ఒక మార్పు చేశానక్కా. ఇంకెవరైనా అయితే పట్టుకోలేకపోయేవారు," అన్నాడు.

తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అప్పుడే గ్లాసులు తీసుకెళ్లడానికి పైకొచ్చిన సూబీ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"ఆ పచ్చ దీపం ఎన్నాళ్లనుంచి వెలుగుతోంది?"

"నీకు తెలియదులే. కింద రొట్టె మాడుతున్నట్టుంది, వెళ్లు."

"ఆర్నెల్ల నుంచి మాడుతోంది. ఇప్పుడొచ్చిందా వాసన?" అని గ్లాసులు తీసుకుని దిగిపోయింది.

చాంద్రమానం ఏడో నెలలో ప్రేతాలకి అన్నం పెట్టే పండగ. పక్కూరి గుడి వాళ్లే మళ్లీ పిలిచారు. నేను జరిగింది గురువుగారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు, నమ్మినట్టూ కనిపించలేదు. పలక మీద, "ముందు విననీ," అని రాశారు. సియావ్ కూడా వస్తానన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబు నిండా తన పేరు అచ్చేసిన కార్డులు పెట్టుకుని వచ్చి, జనం మధ్యలో, సరిగ్గా రెండు బాకాలకీ సమాన దూరంలో నిలబడ్డాడు.

ఈసారి నేను క్షమాపణలు చెప్పలేదు. మీట నొక్కాను.

ఐదు గొంతులూ గుడి ముంగిలంతా నిండిపోయాయి. సేనాపతి గద్దించగానే ముందువరస పిల్లలు వెనక్కి పాకారు. బల్లల మీద పండ్లు సర్దుతున్న ఆడవాళ్లు చేతులాపి చూశారు. లారీ చక్రం పక్కన గురువుగారు రెండు చేతులూ మెడ గుడ్డ మీద పెట్టుకుని నిలబడిపోయారు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. పాత్రల మాటలకి ఆయన పెదవులు కదులుతున్నాయి. పోయిన గొంతు తిరిగొచ్చిందని నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

విరామంలో వక్క ముసలాయన తన నేస్తాలిద్దరినీ వెంటేసుకుని వచ్చాడు.

"అమ్మాయ్, కొత్తాయన్ని పెట్టారే! ఎక్కడివాడు? అద్దరగొడుతున్నాడు."

"కొత్తాయనేంటి తాతా! ఇది మా గురువుగారి గొంతే."

"చాల్లే, మాకు చెవుల్లేవనుకున్నావా? పోయినసారి విన్నాంగా. పాపం, వినలేక చచ్చాం."

"అది మిషన్లో లోపం తాతా. ఇదే ఆయన అసలు గొంతు."

"గొంతు చెడిపోయిందని నువ్వేగా మైకులో చెప్పావు! మన్నించమని దణ్ణం కూడా పెట్టావు. మా వియ్యంకుడి ఊళ్లోనూ అదే చెప్పావట."

సియావ్ తప్పు ఆరు నిమిషాల్లో పోయింది. పదకొండు ఊళ్లలో నేను నా నోటితో చెప్పింది ఎవరు దిద్దుతారు? ఆయన్ని ఇన్నాళ్లూ ఏ మాటలతో తిట్టానో ఆ మాటలన్నీ నాకూ సరిపోతాయి.

"సౌండు నాదేనండీ," అంటూ సియావ్ మధ్యలోకి వచ్చి ముగ్గురికీ తలో కార్డు పంచాడు.

ముసలాయన కార్డు చొక్కా జేబులో వేసుకుని గురువుగారి వైపు తిరిగాడు. గొంతు లేనివాడికి చెవులు కూడా ఉండవనుకున్నాడో ఏమో, గట్టిగా అరిచాడు.

"గురువుగారూ! మీ శిష్యుడా? మీ పేరు నిలబెడతాడు! మీ మీద ఒట్టు, మీకంటే బాగా చెబుతున్నాడు!"

నేను నోరు తెరిచాను. గురువుగారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. మొహం తుడుచుకుని, పలక మోకాలి మీద ఆనించి, అక్షరం అక్షరం నింపాదిగా రాసి ముసలాయనకి చూపించారు.

"అవును. నా శిష్యుడే."

ముసలాయన సంతోషించి ఆయన చేతిలో ఒక వక్క పెట్టి, మిగతా ఆట చూడ్డానికి వెళ్లి కూర్చున్నాడు.